రెండో రౌండ్‌లో మంచి ఆటగాళ్లు ఎలా దొరుకుతారు?

ప్రశ్న: ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో నికోలా యోకిచ్ 41వ స్థానంలో దొరికాడు. అది డెన్వర్ జట్టు అదృష్టమా, స్కౌటింగ్ గొప్పతనమా? నేను డేటా సైన్స్ చదువుతున్నాను. రెండో రౌండ్ ఆటగాళ్లను అంచనా వేసే మోడల్ ఒకటి ప్రాజెక్టుగా చేద్దామనుకుంటున్నాను. ఏ అంకెలు చూడాలి, వీడియోలో ఏం చూడాలి?

జవాబు:

అదృష్టం పాలు పెద్దదే. కానీ ఊరికే ఒళ్లో వచ్చి పడ్డ అదృష్టం కాదది. నేను అమెరికాలో ఒక చిన్న కాలేజీ జట్టుకు వీడియో పని చేశాను. ఆ తర్వాత ఏజెంట్ల కోసం ఆటగాళ్ల మీద స్కౌటింగ్ రిపోర్టులు రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ రాస్తున్నాను. ఈ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: డ్రాఫ్ట్ చివర్లో స్టార్ కోసం వెతికితే ఎవరూ దొరకరు. ఫలానా కుర్రాడు ఎందుకు ఇంత కిందికి జారాడు, ఆ కారణంలో నిజమెంత అని వెతికితే దొరుకుతారు. దొరికాక నిలబెట్టుకోవడం ఇంకో పని. చాలా జట్లు పోగొట్టుకునేది అక్కడే.

డ్రాఫ్ట్ గురించి పెద్దగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఏటా జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. జట్లు 30, రౌండ్లు రెండు. జరిమానాలతో ఏవైనా పోతే తప్ప మొత్తం 60 ఎంపికలు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి మొదటి రెండేళ్ల జీతం ఖాయం, ఎంత ఇవ్వాలో పట్టిక ఉంటుంది. రెండో రౌండ్‌వాడికి ఆ భరోసా లేదు. 30వ స్థానానికీ 31వ స్థానానికీ ఆటలో తేడా ఏమీ ఉండకపోవచ్చు, జీవితంలో మాత్రం చాలా ఉంటుంది.

ఇక యోకిచ్ సంగతి. 2014 జూన్‌లో ఆ రాత్రి డెన్వర్ నగ్గెట్స్ తమ 11వ ఎంపికను షికాగోకు ఇచ్చి, బదులుగా 16, 19 తీసుకుంది. 16లో యూసుఫ్ నర్కిచ్, 19లో గ్యారీ హారిస్. 41లో యోకిచ్. అతని పేరు ప్రకటించే సమయానికి అమెరికాలో టీవీ తెర మీద టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. యోకిచ్ నిద్రపోతున్నాడు. ఈ కథ అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది మాత్రం 16వ ఎంపిక. నర్కిచ్ కూడా సెంటరే (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు), అతను కూడా బాల్కన్ దేశాల ఆడ్రియాటిక్ లీగ్ నుంచి వచ్చినవాడే. యోకిచ్ ఏమవుతాడో డెన్వర్‌కు నిజంగా తెలిసి ఉంటే, అదే రాత్రి అదే స్థానానికి ఇంకొకరిని ముందు తీసుకునేవాళ్లా? 41 దాకా ఆగేవాళ్లా?

తెలియదు వాళ్లకు. వాళ్లకు తెలిసింది ఇంతే: ఈ కుర్రాడి చేతులు బాగున్నాయి, ఎవరు ఎక్కడికి కదులుతారో ముందే చూసి పాస్ ఇస్తున్నాడు, పరుగు లేదు, ఎగరలేడు, ఒళ్లు ఇంకా గట్టిపడలేదు. 41లో తప్పయితే పోయేదేమీ లేదు. తీసుకుని వెంటనే రమ్మనలేదు, ఇంకో ఏడాది సెర్బియాలోనే ఆడనిచ్చారు. ఆ ఏడాది అతను ఆడ్రియాటిక్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 2015లో డెన్వర్ వచ్చాడు. అయినా అనుమానం తీరలేదు. 2016 డిసెంబర్ మధ్యలో గానీ అతన్ని ఖాయంగా మొదటి అయిదుగురిలో సెంటర్‌గా పెట్టలేదు. 2017 ఫిబ్రవరిలో నర్కిచ్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపేశారు. మిగతాది మీకు తెలుసు: 2021, 2022, 2024 ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), 2023లో టైటిల్. డెన్వర్‌కు ఇవ్వాల్సిన మార్కులు ఎంపిక చేసిన రాత్రికి కొన్ని, తర్వాతి రెండున్నరేళ్లకు చాలా.

ధర పడిపోవడం గురించి ఆలోచించేటప్పుడు నాకు మనవాళ్ల ఇళ్ల బేరాలు గుర్తొస్తాయి. ఒక ఇల్లు చౌకగా వస్తోందంటే వాస్తు బాలేదని కావచ్చు, పునాది కుంగిందని కావచ్చు. రెండిటికీ ధర ఒకేలా తగ్గుతుంది. కొనేవాడు తేల్చుకోవాల్సింది అదొక్కటే. డ్రాఫ్ట్‌లో వయసు, పొజిషన్, శరీరం, గాయం, దూరం, ఇవన్నీ ధర తగ్గించే కారణాలే. ఒక్కోటి ఒక్కో కుర్రాడి విషయంలో వాస్తు అవుతుంది, ఇంకొకడి విషయంలో పునాది అవుతుంది.

వయసుతో మొదలుపెడతాను, ఎందుకంటే జట్లు అన్నిటికంటే ఎక్కువగా, దాదాపు అలవాటుగా, ధర కోసేది ఇక్కడే. నాలుగేళ్లు కాలేజీలో ఆడి 22 ఏళ్లకు వచ్చినవాడికి "ఇంక ఎదిగేది లేదు" అని ముద్ర వేస్తారు. లాటరీ ఎంపికల్లో (మొదటి 14 స్థానాల్లో) ఆ లెక్క సబబే. 19 ఏళ్లవాడు, 22 ఏళ్లవాడు ఒకేలా ఆడుతుంటే చిన్నవాడే మేలు. కానీ 35వ స్థానంలో మీరు కొంటున్నది సూపర్‌స్టార్ అయ్యే అవకాశాన్ని కాదు. ఎనిమిది, తొమ్మిదో ఆటగాడిగా రాత్రికి 18 నిమిషాలు తప్పులు లేకుండా ఆడేవాణ్ని. అక్కడ వయసు దోషం కాదు. మాల్కమ్ బ్రాగ్డన్ వర్జీనియాలో అయిదేళ్లున్నాడు, పాదానికి సర్జరీ కూడా అయింది, 23 ఏళ్లకు 2016లో 36వ స్థానంలో మిల్వాకీ తీసుకుంది. మరుసటి ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు). జేలెన్ బ్రన్సన్ విలనోవాకు రెండు జాతీయ టైటిళ్లు గెలిపించిన జట్లలో ఉన్నాడు, 2018లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు, అయినా 33. హెర్బ్ జోన్స్ అలబామాలో నాలుగేళ్లు ఆడి, 2021లో తన కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల సమూహంలో) ఉత్తమ ఆటగాడు, ఉత్తమ డిఫెండర్ రెండూ గెలిచి, 35వ స్థానంలో న్యూ ఆర్లియన్స్‌కు వెళ్లాడు. 2024లో లీగ్ ఆల్ డిఫెన్సివ్ మొదటి జట్టులో ఉన్నాడు. వీళ్లెవరూ దాక్కున్నవాళ్లు కాదు. టీవీలో వారం వారం కనిపించినవాళ్లు. అందుకే "కనిపించని వజ్రాన్ని వెలికితీయడం" అనే మాట నాకు నచ్చదు. చాలాసార్లు వజ్రం బల్ల మీదే ఉంటుంది, అందరూ చూసే ఉంటారు.

పొజిషన్ అనుమానానికి డ్రేమండ్ గ్రీన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2012లో మిషిగన్ స్టేట్ నుంచి వచ్చాడు, బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు. ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు. పవర్ ఫార్వర్డ్‌గా పొట్టి, చిన్న ఫార్వర్డ్‌గా నెమ్మది అన్నారు. రెండు పొజిషన్లకూ మధ్యలో ఇరుక్కున్నవాళ్లను ఇక్కడ ట్వీనర్ అంటారు, ఆ ఒక్క మాటతో ధర సగమవుతుంది. గోల్డెన్ స్టేట్ కూడా అదే రాత్రి 7లో హ్యారిసన్ బార్న్స్‌ను, 30లో ఫెస్టస్ ఎజీలీని తీసుకుని, 35లో గ్రీన్ దగ్గరికి వచ్చింది. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, అతని ఎత్తు నిజంగానే తక్కువ. కానీ చాచిన చేతుల కొలత 7 అడుగులు దాటింది. ఎవరు ఏ పొజిషన్ అన్న పాత పట్టిక ప్రకారం అతనికి చోటు లేదు. "ఇతను ఎవరిని ఆపగలడు?" అని అడిగితే, వచ్చిన జవాబు అయిదు పొజిషన్లూ. 2014-15లో ఆ స్థానంలో ఆడే డేవిడ్ లీ గాయపడటంతో మొదటి అయిదుగురిలోకి వచ్చాడు, ఆ ఏడాదే టైటిల్. లీ ఆరోగ్యంగా ఉండి ఉంటే గ్రీన్‌కు ఆ నిమిషాలు ఎప్పుడు వచ్చేవో ఎవరూ చెప్పలేరు.

గాయం విషయంలో ఒకటే చెబుతాను. దెయువాన్ బ్లేర్‌కు రెండు మోకాళ్లలోనూ ఏసీఎల్ (మోకాలిని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) లేదు. 2009లో 37కు జారితే శాన్ ఆంటోనియో తీసుకుంది. మొదటి సీజన్‌లో 82 మ్యాచ్‌లూ ఆడాడు, ఆ జట్టుకు నాలుగేళ్లు పనికొచ్చాడు. పునాది నిజంగానే బలహీనమైన కేసు ఇది. అయినా ఆ ధరకు కొనొచ్చు. లోపం నిజమైనంత మాత్రాన ఎంపిక తప్పు కాదు, ఎంత పెట్టి కొన్నామన్నదే లెక్క. ఐజయా థామస్ 5 అడుగుల 9 అంగుళాలు. డిఫెన్స్‌లో ఆ ఎత్తు చివరిదాకా ఇబ్బందే. 2011లో ఆఖరి ఎంపికగా, 60వ స్థానంలో, శాక్రమెంటో తీసుకున్న ఆ కుర్రాడు 2016-17లో బోస్టన్‌కు మ్యాచ్‌కు 28.9 పాయింట్లు కొట్టాడు.

దూరం అనే కారణం మాత్రం దాదాపు చెల్లిపోయింది. 1999లో శాన్ ఆంటోనియో 57వ స్థానంలో మను జినోబిలిని తీసుకున్నప్పుడు అతను ఇటలీలో రెజ్జో కలాబ్రియాకు ఆడుతున్న అర్జెంటీనా కుర్రాడు. చాలా జట్ల దగ్గర అతని టేపు కూడా సరిగ్గా లేదు. మూడేళ్లు అక్కడే ఉంచారు. 2001లో బొలోన్యాతో యూరోలీగ్ గెలిచాడు, 2002లో వచ్చాడు, నాలుగు టైటిళ్లు గెలిచాడు. ఈ రోజు బెల్‌గ్రేడ్ జూనియర్ల మ్యాచ్ కూడా మరుసటి పొద్దున్నకల్లా 30 జట్ల కంప్యూటర్లలో ఉంటుంది. కాబట్టి "విదేశాల్లో ఎవరూ చూడని ఆటగాడు" అని మీ మోడల్ ఆశ పెట్టుకోకూడదు. ఇప్పుడు అందరూ చూస్తారు. చూసింది అర్థం చేసుకోవడంలోనే తేడా.

శరీరం గురించి మనవాళ్లకు దగ్గరైన ఉదాహరణ ఉంది. 2015లో డాలస్ 52వ స్థానంలో సత్నామ్ సింగ్‌ను తీసుకుంది. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం, 7 అడుగుల 2 అంగుళాలు, భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు కొన్ని అతను ఫ్రిస్కోలో టెక్సస్ లెజెండ్స్‌కు (డాలస్ కింది స్థాయి జట్టు) ఆడేటప్పుడు చూసే ఉంటాయి. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. యోకిచ్ కూడా భారీ మనిషే, అతను కూడా నెమ్మదే. రిపోర్టులో మొదటి రెండు లైన్లు ఇద్దరికీ ఒకేలా రాయొచ్చు. తేడా ఏమిటంటే, యోకిచ్ నెమ్మదిని అతని పాస్, అతని స్పర్శ పూడ్చేశాయి. శరీరం చేయలేనిది బుర్ర ముందే చేసేసేది. సత్నామ్ వచ్చిన కాలానికి లీగ్‌లో ఆట బుట్ట దగ్గర్నుంచి బయటికి జరగడం మొదలైంది. స్క్రీన్ పెట్టినప్పుడల్లా (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడినప్పుడల్లా) సెంటర్ మూడు పాయింట్ల గీత దాకా వచ్చి గార్డును (బంతి నడిపించే ఆటగాణ్ని) ఆపాలి. అంత పెద్ద మనిషికి, అంత తక్కువ పోటీ అనుభవంతో, అది మోయలేని బరువు. అతని కష్టం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. 14 ఏళ్లకే ఇల్లు వదిలి, భాష రాని దేశంలో ఆట నేర్చుకున్నాడు. కానీ మోడల్‌లో ఎత్తుకు ఒక్క కాలమ్ ఇచ్చి వదిలేస్తే ఈ ఇద్దరి మధ్య తేడా మీకు ఎప్పటికీ కనబడదు.

ఇక వీడియో. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అంకెలు పట్టుకునే కుర్రాళ్లు ఎక్కువగా దాటేసేది ఇదే.

హైలైట్స్ చూడకండి. పూర్తి మ్యాచ్ తీసుకోండి, వీలైతే జట్టు ఓడిన మ్యాచ్. బంతిని చూడటం మానేసి ఆ ఒక్క ఆటగాడినే చూడండి. అతను డిఫెన్స్‌లో బంతికి ఎదురువైపు కార్నర్‌లో ఉన్నాడనుకుందాం. అవతలి పక్క పిక్ అండ్ రోల్ మొదలైంది. స్క్రీన్ పెట్టిన పెద్ద ఆటగాడు బుట్ట వైపు దూసుకొస్తున్నాడు. ఇప్పుడు మనవాడు తన మనిషిని వదిలి పెయింట్‌లోకి (బుట్ట ముందున్న ప్రాంతంలోకి) అడుగేయాలి. ఇక్కడ ఈ పని చేసేవాణ్ని లో మ్యాన్ అంటారు. బంతి గాల్లోకి లేచాక కదిలితే ఆలస్యమైనట్టే, డంక్ లేదా ఫౌల్. గార్డు భుజం తిరుగుతున్నప్పుడే కదిలితే, బంతి వచ్చేసరికి దారిలో నిలబడి ఉంటాడు. గార్డు ఆ పాస్ ఇవ్వడు, కార్నర్‌కు విసురుతాడు. అప్పుడు మనవాడు వెనక్కి పరిగెత్తి, చేయి ఎత్తి, ఎగరకుండా ఆగి, షూటర్‌ను గీత మీద నుంచి తరిమెయ్యాలి. ఈ మొత్తం తతంగం మూడు సెకన్లు. బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ అంకెల పట్టికలో) ఏమీ పడదు. స్టీల్ (బంతి లాక్కోవడం) లేదు, బ్లాక్ (షాట్‌ను చేత్తో ఆపడం) లేదు, రీబౌండ్ (తప్పిన షాట్‌ను పట్టుకోవడం) లేదు. ఎన్‌బీఏలో ఎనిమిదో ఆటగాడి ఉద్యోగమంతా ఈ మూడు సెకన్లే. ఒక మ్యాచ్‌లో ఇలాంటి సందర్భాలు ఎన్ని వస్తాయో, ఎన్నిట్లో సమయానికి కదిలాడో కాగితం మీద గీతలు పెట్టుకోండి. అయిదు మ్యాచ్‌లు ఇలా చూస్తే ఆ కుర్రాడి గురించి మీకు తెలిసింది చాలా మంది స్కౌట్‌లకు తెలిసినదానికి తక్కువ ఉండదు.

అటాక్‌లో చూడాల్సింది బంతి చేతికొచ్చాక ఎంతసేపు పట్టుకున్నాడన్నది. చిన్న కాలేజీలో అతను రాజు. బంతి అతని దగ్గరే ఉంటుంది, అందరూ అతని కోసం ఎదురుచూస్తారు. ఎన్‌బీఏకు వచ్చేసరికి నాలుగో, అయిదో మనిషి. బంతి అందగానే వేయాలి, లేదా ఇచ్చెయ్యాలి, లేదా దూరాలి, ఆలోచించే టైమ్ లేదు. మ్యాచ్‌కు 22 పాయింట్లు కొట్టిన కాలేజీ హీరో, 9 పాయింట్లు కొట్టి అన్నీ సరిగ్గా చేసినవాడు ఇద్దరూ 45వ స్థానం దగ్గర ఉంటే నేను రెండోవాడి వైపు మొగ్గుతాను. మొదటివాడు చేసే పని అక్కడ చేయడానికి ఇప్పటికే వేరేవాళ్లు ఉన్నారు, అంతకంటే బాగా చేసేవాళ్లు.

ఒక్క వర్కవుట్ చూసి తీర్పు ఇవ్వడం మీద నాకు అసలు నమ్మకం లేదు. 2001లో టోనీ పార్కర్‌ను శాన్ ఆంటోనియో పిలిపించి, తమ స్కౌట్, మాజీ ఆటగాడు లాన్స్ బ్లాంక్స్‌ను అతని మీదికి తోలింది. బ్లాంక్స్ కుర్రాణ్ని నలిపేశాడు. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పది నిమిషాలకే వద్దన్నాడు. కథ అక్కడితో ముగియాలి. స్కౌటింగ్ విభాగం పట్టుబట్టింది, వీడియో మళ్లీ చూపించింది, రెండోసారి పిలిచారు. ఈసారి పార్కర్ వేరే మనిషిలా ఆడాడు. 28వ స్థానంలో, ఆ ఏడాది మొదటి రౌండ్ ఆఖరి ఎంపికగా, తీసుకున్నారు. 19 ఏళ్లకే మొదటి అయిదుగురిలో ఆడాడు, 2007 ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. రెండోసారి పిలవడం అనే చిన్న పని ఎన్ని జట్లు చేస్తాయి? టెన్షన్‌లో ఉన్న 19 ఏళ్ల కుర్రాడు కొత్త జిమ్‌లో ఆడిన ఒక్క పూటకు, రెండేళ్ల మ్యాచ్‌ల కంటే ఎక్కువ బరువు ఇచ్చేస్తుంటారు.

అంకెల్లోకి వద్దాం. కాలేజీలో మూడు పాయింట్ల శాతాన్ని నేరుగా నమ్మకండి. 100 షాట్లు వేసినవాడి నిజమైన స్థాయి 35 శాతం అనుకుంటే, ఒక సీజన్‌లో 30కీ 40కీ మధ్య ఎక్కడైనా తేలడం మామూలే. 31 శాతంవాడు, 37 శాతంవాడు నిజంగా ఒకే షూటర్ కావచ్చు. పైగా కాలేజీ గీత 22 అడుగుల 1¾ అంగుళాల దగ్గర ఉంది, ఎన్‌బీఏలో కార్నర్లు వదిలేస్తే 23 అడుగుల 9 అంగుళాలు. అందుకే ఫ్రీ త్రో శాతం పక్కన పెట్టుకోండి. ఎవరూ అడ్డం లేకుండా, ఎప్పుడూ ఒకే దూరం నుంచి వేసే షాట్ అది. చేతి స్పర్శ అందులో బయటపడుతుంది. 31 శాతం మూడు పాయింట్లు, 85 శాతం ఫ్రీ త్రోలు ఉన్నవాడి మీద ఆశ పెట్టుకోవచ్చు. 37, 62 ఉన్నవాణ్ని చూసి జాగ్రత్తపడాలి. వీటితోపాటు ఎన్ని వేశాడన్నది కూడా. వేయడానికి జంకనివాడు నేర్చుకుంటాడు.

స్టీల్స్, బ్లాక్స్ ఆడిన నిమిషాలకు లెక్కగట్టి చూడండి. పాయింట్లు జట్టు వ్యూహాన్ని బట్టి మారతాయి, చేతి వేగం మారదు. వయసును సంవత్సరాల్లో కాదు, నెలల్లో పెట్టండి. ప్రత్యర్థి బలాన్ని వదలొద్దు. చిన్న కాన్ఫరెన్స్ కుర్రాడైతే పెద్ద కాలేజీల మీద ఆడిన నాలుగైదు మ్యాచ్‌లు వేరు చేసి చూడండి, అక్కడ షాట్ల సంఖ్య ఎంత పడిపోయిందో గమనించండి. ఎత్తు కంటే చేతుల పొడవు ముఖ్యం. ఎగిరే ఎత్తుకు ఇచ్చే విలువ నాకైతే ఎక్కువనిపిస్తుంది.

ఇప్పుడు మీ మోడల్‌ను అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించే విషయం చెబుతాను. మీరు దేన్ని ఫలితంగా తీసుకుంటారు? ఎన్‌బీఏలో ఆడిన నిమిషాలనా? ఆ నిమిషాలు ప్రతిభను బట్టి మాత్రమే రావు. 1995లో బారీ స్టా, హా హోయాంగ్ అనే పరిశోధకులు ఇదే పరిశీలించారు. ఆట ఒకేలా ఉన్నా, ముందు ఎంపికైనవాళ్లకు కోచ్‌లు ఎక్కువ నిమిషాలు ఇచ్చారు, జట్లు వాళ్లను ఎక్కువ కాలం ఉంచుకున్నాయి. ఖర్చు పెట్టాం కాబట్టి ఆడిద్దాం అన్నమాట. దానర్థం రెండో రౌండ్‌లో విఫలమైనట్టు మీ డేటాలో కనిపించేవాళ్లలో కొందరు విఫలం కాలేదు, వాళ్లకు అవకాశమే రాలేదు. మోడల్ వాళ్లను చూసి, అలాంటివాళ్లు పనికిరారని నేర్చుకుంటుంది. దీనికి పూర్తి మందు లేదు. రెండో రౌండ్‌వాళ్లను వేరు చేసి, వాళ్లలో వాళ్లను పోల్చడం కొంత నయం.

అవకాశం దొరకడం ఎంత గాలిలో దీపమో కైల్ కోర్వర్ కథ చెబుతుంది. 2003లో న్యూ జెర్సీ నెట్స్ అతన్ని 51వ స్థానంలో ఎంపిక చేసి, 1,25,000 డాలర్లకు ఫిలడెల్ఫియాకు అమ్మేసింది. ఆ డబ్బు సమ్మర్ లీగ్ (కొత్తవాళ్లను పరీక్షించే వేసవి మ్యాచ్‌లు) ఖర్చులకు, ఆఫీసులో ఒక జిరాక్స్ మెషీన్‌కు సరిపోయింది. కోర్వర్ 17 సీజన్లు ఆడాడు, 2015లో ఆల్ స్టార్ అయ్యాడు, లీగ్ చరిత్రలోనే గొప్ప షూటర్లలో ఒకడు. 2012లో 39వ స్థానంలో డెట్రాయిట్ తీసుకున్న క్రిస్ మిడిల్టన్ ఒక్క సీజన్ తర్వాతే బ్రాండన్ జెనింగ్స్ కోసం మిల్వాకీతో జరిగిన మార్పిడిలో వెళ్లిపోయాడు. 2021లో మిల్వాకీ టైటిల్ గెలిచినప్పుడు స్టార్ ఆటగాడు యానిస్ అంటెటోకుంపో తర్వాత ఆ జట్టు భారం మోసింది అతనే. ఐజయా జోను 2020లో ఫిలడెల్ఫియా 49వ స్థానంలో తీసుకుని, రెండేళ్లకు వదిలేసింది. ఓక్లహోమా సిటీ తెచ్చుకుంది.

ఆ ఓక్లహోమా సిటీ 2025 టైటిల్ జట్టును ఒకసారి చూడండి. లూ డోర్ట్, అలెక్స్ కరూసోలను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఆరన్ విగిన్స్ 55. జేలిన్ విలియమ్స్ 34. జో 49. పైన ముగ్గురు స్టార్లు, కింద వీళ్లు. రెండో రౌండ్ ప్రతిభను పట్టుకోవడం అంటే నా దృష్టిలో ఇదీ. యోకిచ్ మళ్లీ దొరకడు. విగిన్స్‌లు దొరుకుతారు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023 ఒప్పందం తర్వాత జీతాల పరిమితి బాగా దాటిన జట్ల మీద ఆంక్షలు కఠినమయ్యాయి కాబట్టి, తక్కువ జీతానికి 15 నిమిషాలు ఆడే మనిషి విలువ ఇంకా పెరిగింది.

కాంట్రాక్టు గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. బ్రన్సన్‌ను 33లో పట్టుకున్న డాలస్‌కు స్కౌటింగ్‌లో నూటికి నూరు మార్కులు. అతనికి నాలుగేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, అది ముగిశాక అతను పూర్తి స్వేచ్ఛగా వెళ్లిపోగలిగాడు. ముందే పొడిగించి ఉంటే అప్పటి నియమాల ప్రకారం నాలుగేళ్లకు గరిష్ఠంగా సుమారు 5.5 కోట్ల డాలర్లు. పొడిగించలేదు. 2022లో న్యూయార్క్ నిక్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్లింది, డాలస్‌కు బదులుగా ఒక్క ఆటగాడు కూడా రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. డెన్వర్ యోకిచ్ విషయంలో ఏం చేసిందో చూడండి. 2018లో అతన్ని ఇంకో ఏడాది సుమారు 16 లక్షల డాలర్లకే ఆడించుకునే హక్కు వాళ్లకుంది. ఆ హక్కు వదులుకున్నారు. దాంతో అతను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, అంటే వేరే జట్టు ఏ ఆఫర్ ఇచ్చినా సరిపోల్చి ఉంచుకునే హక్కు డెన్వర్‌ది. అయిదేళ్లకు దాదాపు 14.8 కోట్లతో కట్టేసుకున్నారు. ఒక చౌక సంవత్సరం పోగొట్టుకుని ఒక తరాన్ని దక్కించుకున్నారు.

ఆటగాడి వైపు నుంచి కూడా చూడాలి. నేను పనిచేసేది వాళ్ల పక్కన కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 45 దాటాక ఎంపిక కావడం అన్నిసార్లూ మంచిదే అని కాదు. ఎంపిక చేసిన జట్టుకు హక్కులు ఉంటాయి, నీకు నచ్చినా నచ్చకపోయినా అక్కడికే వెళ్లాలి. ఎంపిక కాకపోతే 30 జట్లలో నీ పొజిషన్ ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. 2021లో ఆస్టిన్ రీవ్స్ రెండో రౌండ్‌లో ఒక అవకాశం వదులుకుని, ఎంపిక కాకుండా లేకర్స్‌తో టూ వే కాంట్రాక్టు చేసుకున్నాడు. టూ వే అంటే రూకీ కనీస జీతంలో సగం, ఎన్‌బీఏ మ్యాచ్‌లు 50కి మించి ఆడకూడదు, మిగతా సమయం జీ లీగ్‌లో (ఎన్‌బీఏ కింది లీగ్‌లో). 2023 నుంచి ఒక్కో జట్టుకు అలాంటి స్థానాలు మూడు. 2016లో ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను ఎవరూ తీసుకోలేదు, టొరంటోలో చేరి 2019లో టైటిల్ గెలిచాడు, 2020లో 8.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు అందుకున్నాడు. 2024 నుంచి రెండో రౌండ్ మరుసటి రోజు జరుగుతోంది. ఆ మధ్య రాత్రంతా ఫోన్లే: "టూ వే అయితే ఒప్పుకుంటావా, మూడేళ్లు నాన్ గ్యారంటీడ్ (జీతం ఖాయం కానిది) అయితే?" అని. టీవీలో పేరు వినిపించాలని ఇంట్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు. "పేరు రాకపోతేనే మంచిది" అని వాళ్లకు నచ్చజెప్పడం ఈ వృత్తిలో కష్టమైన సంభాషణ. మీ డేటాలో 58వ స్థానంవాడు, ఎంపిక కానివాడు అని రెండు గడులు ఉంటాయి. ఆ గడుల మధ్య గీత గీసింది ప్రతిభ కాదు, చాలాసార్లు ఒక ఫోన్ కాల్. కాబట్టి ఎంపిక కాకుండా సమ్మర్ లీగ్‌కు వచ్చినవాళ్లను కూడా మీ డేటాలో తప్పకుండా కలపండి.

మొదలుపెట్టడానికి ఒక పద్ధతి చెబుతాను. 2011 నుంచి 2016 వరకు ప్రతి డ్రాఫ్ట్‌లో 31 నుంచి 60 దాకా అందరినీ తీసుకోండి, గెలిచినవాళ్లనే కాదు. ప్రతి పేరు పక్కన, డ్రాఫ్ట్‌కు ముందు వచ్చిన రిపోర్టులు మాత్రమే చదివి, అతను ఎందుకు జారాడో ఒక్క కారణం రాయండి: వయసు, పొజిషన్, గాయం, షూటింగ్, శరీరం, ప్రవర్తన. తర్వాత ఏమయ్యాడో చూడకుండా రాయాలి, అది ముఖ్యం. వీలైతే ఆ పని ఫలితాలు తెలియని స్నేహితుడితో చేయించండి. అది అయ్యాక ఏ కారణంతో జారినవాళ్లు ఎక్కువగా నిలబడ్డారో లెక్కగట్టండి. 30 మందికి ఆరేళ్లు అంటే 180 మంది. పెద్ద డేటా కాదు, సంక్లిష్టమైన మోడల్ దానిమీద నిలబడదు. లాజిస్టిక్ రిగ్రెషన్ చాలు. ఫలితంగా "నాలుగో సీజన్‌లో కూడా లీగ్‌లో ఉన్నాడా" అన్న అవును, కాదు ప్రశ్న పెట్టుకోండి. అది చేశాక ఫలితాలు ఇక్కడ పెట్టండి, షూటింగ్ కారణంగా జారినవాళ్ల జాబితా వస్తే వాళ్ల ఫ్రీ త్రో శాతాలతో కలిపి ఇద్దరం చూద్దాం.